డెల్బర్ట్ చూసిన తొమ్మిదో ఇన్నింగ్స్

బార్లో బేస్‌బాల్ మైదానం కంచెకి కొత్త గడియారం బిగించిన రోజునే జెనీవా టోలెఫ్సన్ దానితో పగ పెట్టుకుంది. ఏప్రిల్ మొదటి వారం, నది మీంచి గాలి కొడుతుంటే ఇంకా కోటు విప్పలేని చలి. మూడో బేస్ వైపు నాలుగో వరసలో, పందొమ్మిదేళ్ళుగా తను కూర్చుంటున్న చోటే కూర్చుని, ఒళ్ళో స్కోరు పుస్తకం తెరిచి తలెత్తేసరికి ఎదురుగా ఎర్రటి అంకెలు కనబడ్డాయి. పదిహేను, పద్నాలుగు, పదమూడు. పిచర్ చేతికి బంతి రాగానే లెక్క మొదలు. సున్నా పడేలోగా అతను బంతి వెయ్యాలి. ఎనిమిది పడేలోగా బ్యాటర్ బ్యాటెత్తి సిద్ధంగా ఉండాలి. ఆలస్యం చేసినవాడికి శిక్ష. ఆట మరీ సాగిపోతోందనీ, కుర్రకారు రావడం మానేశారనీ లీగ్ వాళ్ళు ఆ ఏడాది తెచ్చిపెట్టిన నిబంధన అది.

"ఇదేంటి డెల్, ఇక్కడేమన్నా గుడ్లు ఉడకబెడుతున్నారా?" అంది జెనీవా. "ఫుట్‌బాల్‌కి గడియారం ఉంది, బాస్కెట్‌బాల్‌కి ఉంది. దీనికి లేదనే కదా మనం ఇన్నేళ్ళ నుంచి ఇక్కడికొచ్చి పడి ఉంటున్నాం!"

పక్క సీట్లో వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్న డెల్బర్ట్ క్రౌస్ తల కూడా ఎత్తలేదు. "నా పొయ్యి దగ్గర గడియారాలు నాలుగున్నాయి. అవే లేకపోతే నువ్వు లొట్టలేసుకుంటూ తినే దాల్చినచెక్క రోల్ ఎప్పుడో బొగ్గయ్యేది" అన్నాడు.

జెనీవాకి అరవై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఊళ్ళో సగం మంది చిన్నప్పుడు ఆమె బస్సెక్కినవాళ్ళే. వాళ్ళకిప్పుడు జుట్టు నెరిసినా సరే, ఆమె ఇప్పటికీ "మిసెస్ టి"యే. భర్త లైల్ పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. వేసవి వస్తే ఆమెకి బార్లో హెరాన్స్ జట్టే ఇల్లూ వాకిలీ. హెరాన్ అంటే కొంగ. పేరుకి తగ్గట్టు ఆ జట్టు ఒంటికాలి మీద ఓపిగ్గా నిలబడి, చివరికి చేప దొరక్కుండానే ఇంటికి పోతూ ఉంటుంది. అయినా ఊరికి అదంటే ప్రాణం.

డెల్బర్ట్‌ది బేకరీ. తెల్లవారుజామున రెండున్నరకి లేచి పిండి కలపాలి. అందుకని వారం మధ్యలో ఆట ఉంటే అతను పూర్తిగా చూడలేడు. ఆరున్నరకి మొదలైన ఆట, ఉన్న తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడోది దాటేసరికి తొమ్మిది కావస్తుంది. అందరూ ఆనవాయితీగా లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుని పాట పాడుకునే వేళకి అతను టోపీ సర్దుకుని, "ఇక నీదే భారం" అని జెనీవాతో చెప్పి వెళ్ళిపోయేవాడు. ఆ భారం ఏమిటంటే, మర్నాడు పది గంటలకి బేకరీకి వెళ్ళి మిగతా ఆట అతనికి చెప్పడం. అంతవరకూ డెల్బర్ట్ రేడియో పెట్టడు, పేపరు తెరవడు. ఎవరన్నా స్కోరు చెప్పబోతే పిండి చేతుల్తోనే చెవులు మూసుకుంటాడు. జెనీవా స్కోరు పుస్తకం బల్ల మీద పరిచి, కాఫీ తాగుతూ బంతి బంతికీ చెప్పేది. పిచర్ ముక్కు ఎన్నిసార్లు గోక్కున్నాడో కూడా వదిలేది కాదు. అవసరమైతే కథలో గాలి జోరు కొంచెం పెంచేది. రొట్టెలకి వచ్చిన జనం రొట్టెలు పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాళ్ళు.

ఆ ఏప్రిల్ నుంచి ఈ ముచ్చటంతా తారుమారైంది.

గడియారం వచ్చాక మొదటి మంగళవారం ఆట. ఏడో ఇన్నింగ్స్ పాట అయ్యాక డెల్బర్ట్ అలవాటు కొద్దీ టోపీ పెట్టుకున్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు.

"ఎనిమిదింబావేనా? నా వాచీ ఆగిపోయిందా ఏంటి?"

"వాచీ కాదు, ఆటే పరిగెడుతోంది" అంది జెనీవా పుల్లగా.

డెల్బర్ట్ మళ్ళీ కూర్చున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ చూశాడు. తొమ్మిదోది చూశాడు. హెరాన్స్ ఒక పరుగు తేడాతో గెలిస్తే అరవై ఆరేళ్ళ మనిషి సీటెక్కి నిలబడి గంతులు వేశాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా అంతా అయిపోయింది. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పది గంటలకి జెనీవా పుస్తకం చంకన పెట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పడానికేమీ లేదని. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. ఆ పూట పుస్తకం వంటింటి బల్ల మీదే పడి ఉంది. ఆమె దాన్ని చూడకుండా రెండుసార్లు స్టవ్ తుడిచింది.

మే నెల వచ్చేసరికి ఆమె గడియారం తీసెయ్యమంటూ ఓ అర్జీ రాసి, అట్టకి క్లిప్పు పెట్టి, సీటు సీటుకీ తిరిగి సంతకాలు సేకరించడం మొదలుపెట్టింది. జూన్‌లో జట్టు మేనేజరు అభిమానుల సమావేశం పెట్టి కొత్త నిబంధనల మీద అభిప్రాయాలు వింటానన్నాడు. అప్పటికి రెండొందల సంతకాలు కావాలని ఆమె పట్టుదల.

సంతకాల కన్నా అభిప్రాయాలే ఎక్కువ దొరికాయి. హాట్‌డాగ్‌లు అమ్మే వర్జిల్ కలం లాక్కుని మరీ సంతకం చేశాడు. "ఇదివరకు రెండో హాట్‌డాగ్‌కి ఆకలయ్యే దాకా ఆట ఉండేది మిసెస్ టి. ఇప్పుడు మొదటిది మింగేలోగానే ఇన్నింగ్స్ మారిపోతోంది" అన్నాడు. వెనక వరస పెద్దాయనొకడు బాత్రూముకి వెళ్ళొచ్చేసరికి మూడు పరుగులు పోయాయట, ఆ కోపంతో సంతకం పెట్టాడు. మారిసోల్ ఇబారా మాత్రం అట్ట తిరిగి ఇచ్చేసింది. ఆమె ఆస్పత్రిలో నర్సు, ఇద్దరు కూతుళ్ళ తల్లి, ఒకప్పుడు జెనీవా బస్సులో మూడో సీటు.

"కోప్పడకండి మిసెస్ టి. ఇదివరకు పిల్లలు ఐదో ఇన్నింగ్స్‌కే నా ఒళ్ళో పడి నిద్రపోయేవాళ్ళు. చెరో భుజాన వేసుకుని కారు దాకా మోసేదాన్ని. ఇప్పుడు ఆఖరి అవుట్ దాకా కళ్ళు విప్పార్చి చూస్తున్నారు. నేనెట్లా పెడతాను సంతకం?"

"పెట్టకు తల్లీ, నీ నడుం సంగతి నాకు తెలీదా" అంది జెనీవా. ఆమె మీద కోపం రాలేదు. కోపమంతా డెల్బర్ట్ కోసం దాచి ఉంచింది.

"అందరూ అయ్యారు, ఇక నువ్వే" అంటూ అట్ట అతని ముందు పెట్టింది.

డెల్బర్ట్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను పెట్టను."

"ఏం?"

"పందొమ్మిదేళ్ళు తొమ్మిదో ఇన్నింగ్స్ చెవుల్తో విన్నాను జెనీవా. ఇప్పుడు కళ్ళతో చూస్తున్నాను. అది తీసెయ్యండి బాబూ అని నేనే సంతకం పెట్టాలా?"

"అంటే నేను చెప్పింది బాగాలేదనా?"

"నేనట్లా అన్నానా ఇప్పుడు?"

"అనకపోతే ఏం, అర్థం అదేగా! ఇన్నాళ్ళూ ఎందుకు విన్నావు మరి? కాఫీ ఖర్చు దండగ కదా నీకు!"

"నీతో మాట్లాడటం నా వల్ల కాదు" అన్నాడు డెల్బర్ట్.

నిజంగానే మాట్లాడలేదు. రెండు వారాల పాటు పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ మూగనోము పట్టారు. మధ్యలో వేరుసెనక్కాయల సంచి మాత్రం ఎప్పటిలాగే ఉండేది. ఒకరు చెయ్యి తీశాక ఇంకొకరు చెయ్యి పెట్టేవాళ్ళు. అయినా గడియారం ధర్మమా అని మాట్లాడుకోకపోవడం పెద్ద కష్టంగా కూడా అనిపించలేదు. అసలు మాట్లాడుకునే సందేదీ? బంతికీ బంతికీ మధ్య ఇదివరకు ఎంత ఖాళీ ఉండేది! ఆ ఖాళీలోనే డెల్బర్ట్ భార్య మోకాలి ఆపరేషన్ సంగతీ, లైల్ ఆఖరి రోజులూ, టమాటా మొక్కలకి పట్టిన తెగులూ అన్నీ మాట్లాడుకున్నారు. జెనీవాకి ఆ మాట పైకి అనాలనిపించింది. ఓ వేరుసెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

జూన్ రెండో బుధవారం. ఎండ ఇంకా నది మీద ఉంది. మైదానం కిటకిటలాడుతోంది. తొమ్మిదో ఇన్నింగ్స్ చివర్లో హెరాన్స్ ఒక్క పరుగు వెనక. రెండు అవుట్లయ్యాయి. మూడు బేసుల మీదా మనవాళ్ళే. బ్యాట్ పట్టుకున్నవాడు లూకస్ ఫెంటన్, ఊరంతా ఆశ పెట్టుకున్న ఎడమచేతివాటం కుర్రాడు. కొట్టలేకపోయిన బంతులకి అతనికి అప్పటికి రెండు స్ట్రైకులు పడ్డాయి. మూడోది పడిందా, అతను మూడో అవుట్, ఆట అయిపోయినట్టే. బంతి తగిలిందా, గెలిచినట్టే.

డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. నాలుగో వరస అంతా నిలబడింది. జెనీవా పెన్సిలు బిగించి పట్టుకుంది. మూగనోము మర్చిపోయి డెల్బర్ట్ ఆమె భుజం పట్టుకున్నాడు. "కొడతాడు. చూస్తూ ఉండు, కొడతాడు."

లూకస్ ఒక అడుగు పక్కకి వేశాడు. చేతి తొడుగు పట్టీ విప్పాడు, బిగించాడు. మళ్ళీ విప్పాడు. ఆకాశం వైపు చూసి ఊపిరి పీల్చాడు. బ్యాట్ ఎత్తాడు.

అంపైరు ముందుకొచ్చి తన మణికట్టు మీద రెండుసార్లు తట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. పిచర్ బంతి వెయ్యలేదు. బ్యాట్ కదల్లేదు. అయినా అవతలి జట్టు ఒకరి మీద ఒకరు పడి సంబరాలు చేసుకుంటోంది. గడియారం ఎనిమిది దాటేసరికి లూకస్ సిద్ధంగా లేడు. దానికి శిక్ష ఒక స్ట్రైకు. అది మూడోది. ఆట ముగిసింది.

నాలుగు వేల మంది అంకెల వైపు చూస్తూ ఉండిపోయారు. వాళ్ళ మధ్యలోంచి డెల్బర్ట్ గొంతొక్కటే లేచింది.

"ఇదేంటిది? ఇదెక్కడి న్యాయం? బంతేది? బంతి ఎక్కడయ్యా?"

జెనీవాకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత డెల్బర్ట్ మొహం చూసింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి, టోపీ పక్కకి తిరిగి, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమెకి నవ్వు ఆగలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

"నవ్వుతున్నావా? ఓడిపోయాం ఇక్కడ!"

"తొమ్మిదో ఇన్నింగ్స్ కళ్ళారా చూస్తానన్నావుగా, చూడు! చూడ్డానికేముంది, వాడు చెయ్యి తట్టుకున్నాడు, నువ్వు నోరు తెరిచావు!"

డెల్బర్ట్ టోపీ సర్దుకుని కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. చివరికి అతనికీ నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి జెనీవా ఇంట్లో ఫోను మోగింది.

"నువ్వొకసారి రావాలి" అన్నాడు డెల్బర్ట్. వెనక బేకరీలో గోలగోలగా ఉంది. "నిన్న ఏం జరిగిందని వీళ్ళు పొద్దున్నించీ ప్రాణం తీస్తున్నారు. చెప్తే నమ్మడం లేదు."

"నువ్వు కళ్ళతో చూశావుగా. చెప్పు."

"చెప్పాను. 'టైమైపోయింది, అవుట్' అన్నాను. 'అంతేనా?' అంటున్నారు. అంతే అన్నాను. నా మొహం మీద నవ్వారు. నాకు చెప్పడం రాదు జెనీవా. చూడ్డం వచ్చు గానీ చెప్పడం రాదు. పుస్తకం పట్టుకుని రా."

జెనీవా జుట్టు దువ్వుకోకుండానే బయల్దేరింది. బల్ల చుట్టూ పన్నెండు మంది దాకా ఉన్నారు. మారిసోల్ డ్యూటీ దిగి వచ్చినట్టుంది, యూనిఫాంలోనే నిలబడి ఉంది. జెనీవా పుస్తకం తెరిచింది. పిచర్ బంతి తీసుకోవడం దగ్గర మొదలుపెట్టి, లూకస్ పట్టీ విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం, అంకెలు ఒక్కోటే జారిపోవడం, పక్కన ఒక పెద్దమనిషి తన భుజం పిండిపిండి చెయ్యడం అన్నీ చెప్పింది. జరిగింది ఏడు సెకన్లు. చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంపైరు మణికట్టు తట్టుకున్న చోట ఆమె ఆగి కాఫీ ఒక గుక్క తాగింది. అప్పటికే సంగతి తెలిసిన జనం కూడా ఊపిరి బిగబట్టారు.

"బంతి ఎక్కడయ్యా!" అని ఆమె డెల్బర్ట్ గొంతుతో అరిచేసరికి బేకరీ అదిరిపోయింది.

జనం వెళ్ళాక డెల్బర్ట్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ అట్ట ఇటివ్వు."

రెండొందల పదమూడో సంతకం అతనిది. కాగితం మూల పిండి అంటుకుంది.

"మనసు మార్చుకున్నావా?"

"కొంచెమే. ఆట తొందరగా అవడం నాకిష్టమే. కానీ ఓడితే బంతికి ఓడిపోవాలి గానీ, అంకెకి ఓడిపోవడమేంటి? ఇదొక్కటీ మాత్రం వాళ్ళకి చెప్పాలి" అన్నాడు. కలం తిరిగి ఇస్తూ, "అయినా నువ్వు ఏప్రిల్ నుంచి ఇటు రావడం ఎందుకు మానేశావు? నేను రోజూ పదింటికి కాఫీ పెడుతూనే ఉన్నా" అన్నాడు.

"చెప్పడానికేమీ లేకపోతే వచ్చి ఏం చెయ్యను?"

"రోల్ తినొచ్చుగా."

జెనీవా అతని వైపు చూడకుండా పుస్తకం మూసింది. "నువ్వు పిలవలేదుగా" అంది మెల్లిగా.

"పందొమ్మిదేళ్ళ తర్వాత పిలవాలా నిన్ను?" అన్నాడు డెల్బర్ట్, ఆశ్చర్యంగా. ఆమె రోల్ తినే దాకా కదలనివ్వలేదు.

శనివారం పదకొండింటికి సమావేశం. మొదటి బేస్ వెనక టెంటు కింద ఎనభై మంది దాకా పోగయ్యారు. మేనేజరు గ్రాంట్ పెల్టియర్ నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ నవ్వుమొహం. కానీ ఆ రోజు ఒక వేళాకోళం చెయ్యబోయి తప్పు చేశాడు. మైదానం గడియారాన్ని రెండు నిమిషాలకి పెట్టించి, "ఒక్కొక్కరికి ఇంతే సమయం" అన్నాడు.

జెనీవా మైకు దగ్గరికి వచ్చి, ఆ అంకెల వైపోసారి, అతని వైపోసారి చూసింది. "గ్రాంట్, దాన్నాపు."

"సరదాకి పెట్టాం మిసెస్ టి..."

"నాలుగో తరగతిలో నా బస్సు కిటికీలోంచి నీ బూటు నువ్వే విసిరేసుకున్నావు. దానికోసం బస్సాపి, పొలంలో దిగి, నేను ఇరవై నిమిషాలు వెతికాను. అప్పుడు నీకు గడియారం పెట్టానా?"

టెంటంతా ఘొల్లుమంది. పెల్టియర్ చెవులు ఎర్రబడ్డాయి. పైన గడియారం నడిపే గది వైపు సైగ చేశాడు. గడియారం ఆరిపోయింది.

జెనీవా అర్జీ అతని చేతిలో పెట్టింది. "ఇందులో రెండొందల పదమూడు సంతకాలున్నాయి. గడియారం తీసెయ్యమనే నా మాట. ఆ మాట మీదే ఉన్నాను. కానీ అది లీగ్ వాళ్ళ చేతిలో ఉంది, నీ చేతిలో లేదని నాకు తెలుసు. అందుకని నీ చేతిలో ఉన్నది అడుగుతాను. మీరు ఆటలో అరగంట మిగిల్చారు. బాగుంది. ఆ అరగంట ఎవరిది? మేం టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళం, మాదే కదా? ఆట అవగానే దీపాలార్పి, గేట్లు మూసి, కోళ్ళని తోలినట్టు తోలేస్తున్నారు. మేం ఆట మధ్యలో మాట్లాడుకోవాల్సిన మాటలన్నీ ఎక్కడికి పోవాలి? మా అరగంట మాకిచ్చెయ్యి. ఆట అయ్యాక గేట్లు తెరిచి ఉంచు. కూర్చుని మాట్లాడుకుంటాం."

చప్పట్లు ముందు మారిసోల్ కొట్టింది. వర్జిల్ లేచి, "బండి నేను తెరిచి ఉంచుతా, కాఫీ కూడా పెడతా!" అని అరిచాడు. తర్వాత డెల్బర్ట్ మైకు అందుకుని, రెండు అవుట్లయ్యాక తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గడియారం ఆపెయ్యాలని లీగ్‌కి రాయమన్నాడు. ఒక కాలేజీ కుర్రాడు లేచి, అదంతా చాదస్తం, గడియారం ఉండాల్సిందేనన్నాడు. అతని వెనకనున్నామె అతన్ని కూర్చోమంది. అరగంట అనుకున్న సమావేశం గంటన్నర సాగింది. ఎవరూ టైము చూసుకోలేదు.

లీగ్ నుంచి జవాబు మూడు వారాలకి వచ్చింది. రెండు వాక్యాలు. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు, పరిశీలిస్తాము. జెనీవా దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, రెండో అర్జీ రాయడం మొదలుపెట్టింది. పెల్టియర్ మాత్రం ఆమె అడిగింది చేశాడు. జూన్ ఆఖరి నుంచీ ఆట అయ్యాక అరగంట గేట్లు తెరిచే ఉంటున్నాయి. మొదటి రోజు పదిమంది ఆగారు. తర్వాత నలభై మంది. మూడో బేస్ వైపు వరసల్లో కొందరు ముందు సీట్లలో వెనక్కి తిరిగి కూర్చుని, కొందరు మెట్ల మీద కూలబడి, కాఫీ కప్పులు పట్టుకుని ఆ రోజు ఆటని మళ్ళీ మొదట్నించీ ఆడేవాళ్ళు. డెల్బర్ట్ పావుగంట ఉండి లేచేవాడు. ఎప్పుడన్నా పంతం వస్తే ఇంకో ఐదు నిమిషాలు.

జులైలో ఒక గురువారం హెరాన్స్ పదకొండు రెండుతో ఓడిపోయింది. చేతిలో పడ్డ బంతులు జారవిడిచారు, బేసుల మధ్య ఒకరినొకరు గుద్దుకున్నారు, పిచర్ ఒకడు బంతితో అంపైర్నే కొట్టాడు. ఎనిమిదీ నలభైకల్లా అంతా అయిపోయింది. అంత దరిద్రపు ఆట తర్వాత కూడా ముప్ఫై మంది ఆగి, తప్పెవరిదని కొట్టుకుంటున్నారు.

జెనీవా పెన్సిలు పుస్తకంలో పడేసింది. "హమ్మయ్య, తొందరగా అయిపోయింది. ఇదే పాత రోజుల్లో అయితే ఈ నరకం పదింటి దాకా చూడాల్సొచ్చేది" అంది తనలో తను.

డెల్బర్ట్ గిర్రున తిరిగాడు. "ఏమన్నావ్? మళ్ళీ అను. మారిసోల్, విన్నావా? వర్జిల్, ఇట్రా ఇట్రా!"

"నేనేమీ అనలేదు" అంది జెనీవా.

"తొందరగా అయిపోయింది, హమ్మయ్య అంది! నా చెవుల్తో విన్నాను!"

"నీ చెవుల్లో పిండి ఉంది. కాఫీ తాగు, చల్లారిపోతోంది" అని ఆమె మొహం అటు తిప్పుకుంది. నవ్వు కనబడకుండా ఉండాలని టోపీ కూడా కిందికి లాక్కుంది గానీ, అప్పటికే వరసంతా చూసేసింది.